తగ్గని పాదాల నొప్పి – అసలు కారణం తెలుసుకోవడం ఎలా?



కంట్లో నలక పడితే ఆ రోజే ఆసుపత్రికి వస్తాం. పన్ను సలిపితే రెండో రోజు వస్తాం. పాదం నొప్పికి మాత్రం చాలామంది ఏడాది గడిచాక వస్తారు. "వయసు మీద పడింది", "నిలబడి పని చేసేవాళ్లకు నొప్పులు రావా?" అని ఇంట్లోవారు అంటారు. నొప్పి పడేవారు కూడా అదే నమ్మి ఊరుకుంటారు. నొప్పి రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే దానికి ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణానికి ఒక పేరు ఉంటుంది. ఆ పేరు తెలియకుండా మందులు వాడితే డబ్బు ఖర్చవుతుంది, కాలం గడిచిపోతుంది, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఒక అక్క అనుభవం

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఒక అక్క కుడి మడమ నొప్పితో మా ఓపీకి వచ్చింది. అప్పటికి 14 నెలలుగా బాధపడుతోంది. ఊళ్లో సూది మందులు వేయించుకుంది. ఒకరు యూరిక్ యాసిడ్ అన్నారని పప్పు తినడం మానేసింది. వేరొకచోట ఎక్స్‌రే తీసి, "మడమలో ఎముక పెరిగింది, ముల్లులా ఉంది" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆపరేషన్ భయంతో ఆమెకు నిద్ర కరువైంది. పని మానేద్దామా అనుకుంటోంది. ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారం.

ఆమె మొదటి రెండుసార్లు వచ్చినప్పుడు చీటీ రాసి లోపలికి పంపింది నేనే. "కాస్త బరువు తగ్గమ్మా" అని ఒక మాట కూడా అన్నాను. చెప్పులు విప్పించి పాదం చూడలేదు, నొప్పి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ సంగతి ఒప్పుకోకుండా మీకు పాఠం చెప్పడం న్యాయం కాదు.

మూడోసారి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, "నొప్పి ఏ వేళలో ఎక్కువగా ఉంటుంది?" అని అడిగాను. "పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టు ఉంటది సిస్టరమ్మా. పది అడుగులు వేశాక కొంచెం సర్దుకుంటది. మళ్లీ సాయంత్రానికి మొదలు" అంది. డాక్టరుగారు మడమ కింద లోపలి అంచున బొటనవేలితో నొక్కారు. ఆమె "అమ్మా!" అని కాలు లాక్కుంది. తర్వాత ఆయన పాత ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించారు. ఎముక ముల్లు రెండు మడమల్లోనూ ఉంది. నొప్పి ఒక్క కుడి మడమలోనే! ముల్లే కారణమైతే ఎడమ మడమ కూడా నొప్పి పుట్టాలి కదా?

ఆమె జబ్బు పేరు ప్లాంటార్ ఫేసియైటిస్. అరికాలు కింద మడమ ఎముక నుంచి వేళ్ల దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది. వింటికి నారి కట్టినట్టు అది పాదం వంపును పట్టి ఉంచుతుంది. గంటల తరబడి సిమెంటు నేల మీద నిలబడటం, అరిగిపోయిన చెప్పులు, శరీరం బరువు, బిగుసుకున్న పిక్క కండరాలు – వీటివల్ల ఆ పట్టీ మడమకు అతుక్కున్నచోట దెబ్బతింటుంది. రాత్రంతా కదలిక లేక అది బిగుసుకుంటుంది. పొద్దున ఒక్కసారిగా బరువు పడగానే సాగి నొప్పి పుడుతుంది. అందుకే మొదటి అడుగు అంత కష్టం. మడమ కింద నొప్పికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే. నొప్పి లేనివారిలో కూడా ఎంతోమందికి ఎక్స్‌రేలో ఎముక ముల్లు కనిపిస్తుంది. కాబట్టి ముల్లు కనిపించిందని ఆపరేషన్ భయం పెట్టుకోవద్దు.

14 నెలలు దొరకని జవాబు ఒక ప్రశ్నతో, ఒక బొటనవేలితో దొరికింది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

అన్ని పాదాల నొప్పులూ ఒకటి కావు

ఆ అక్కకు సరిపోయిన చికిత్స మీ ఇంట్లోవారికి సరిపోకపోవచ్చు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎలా వస్తుందో గమనిస్తే కారణం వైపు దారి కనిపిస్తుంది.

1. రెండు పాదాల్లో మంటలు, తిమ్మిర్లు, చీమలు పాకినట్టు ఉండటం, రాత్రిపూట ఎక్కువ కావడం: నరాలు దెబ్బతిన్న లక్షణం. షుగరు వ్యాధి ముఖ్య కారణం. విటమిన్ బి12 లోపం, మద్యం అలవాటు కూడా కారణాలే. షుగరుకు మెట్‌ఫార్మిన్ బిళ్లలు చాలా ఏళ్లు వాడినవారిలో బి12 తగ్గవచ్చు.

2. బొటనవేలి మొదట్లో రాత్రికి రాత్రి వాపు, ఎరుపు, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి: గౌట్ కావచ్చు.

3. నడిస్తే పిక్క పట్టేయడం, ఆగితే తగ్గడం. జబ్బు ముదిరాక రాత్రి పడుకున్నప్పుడు పాదం నొప్పి పుట్టి, మంచం కిందికి కాలు వేలాడదీస్తే హాయిగా ఉండటం: రక్తనాళాలు మూసుకుపోతున్న గుర్తు. బీడీ, సిగరెట్ తాగేవారికి చిన్న వయసులోనే రావచ్చు. పొగ మానకపోతే ఏ మందూ కాలును కాపాడలేదు.

4. మూడో వేలికి, నాలుగో వేలికి మధ్య గులకరాయి మీద కాలు వేసినట్టు ఉండటం, బిగుతు బూట్లు విప్పితే తగ్గడం: వేళ్ల మధ్య నరం ఒత్తుకుంటోంది. ఇది ఎక్స్‌రేలో కనిపించదు.

5. కొత్తగా ఎక్కువ నడక, పరుగు మొదలుపెట్టాక పాదం మీద ఒకేచోట నొప్పి: ఎముకలో సన్నని పగులు కావచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు.

6. నడుము నుంచి తొడ, పిక్క మీదుగా పాదం దాకా లాగడం: జబ్బు నడుములో, నొప్పి పాదంలో.

7. యువకులకు రెండు మడమలూ నొప్పి, పొద్దున అరగంటకు పైగా నడుము బిగుసుకుని ఉండటం: కీళ్ల వాతం కావచ్చు. రక్త పరీక్షలు, కీళ్ల డాక్టరు సలహా అవసరం.

8. చర్మం మీద రంగు తగ్గిన మచ్చ, అక్కడ స్పర్శ తెలియకపోవడం: కుష్ఠు వ్యాధి పరీక్ష చేయించాలి. దీనికి బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. త్వరగా మొదలుపెడితే ఏ అంగవైకల్యమూ రాకుండా నయమవుతుంది. సిగ్గుపడి దాచవద్దు.

ఈ పట్టిక చూసి ఇంట్లోనే జబ్బు పేరు పెట్టేయవద్దు. డాక్టరుగారికి ఏమి చెప్పాలో తెలుసుకోవడానికి మాత్రమే దీన్ని వాడండి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు

ఓపీలో రోగికి దొరికేది కొద్ది నిమిషాలే. "కాళ్లు నొప్పులండీ" అని ఊరుకుంటే నొప్పి బిళ్లల చీటీతో తిరిగి రావలసి వస్తుంది. అందుకని వారం రోజులు ఒక పాత నోటు పుస్తకంలో ఈ సంగతులు రాసి పెట్టండి. రోగికి చదువు రాకపోతే ఇంట్లో బడికి వెళ్లే పిల్లలు రాయవచ్చు.

• నొప్పి సరిగ్గా ఎక్కడ? ఒక్క వేలితో చూపించమనండి.
• ఎన్నాళ్ల నుంచి? దెబ్బ తగిలిందా? కొత్త పని, కొత్త చెప్పులు, కొత్త నడక మొదలయ్యాక వచ్చిందా?
• ఏ వేళలో ఎక్కువ – పొద్దున లేవగానేనా, నడిస్తేనా, రాత్రి పడకలోనా?
• ఎలా ఉంటుంది – పోటా, మంటా, తిమ్మిరా, లాగినట్టా?
• దేనివల్ల పెరుగుతుంది, దేనివల్ల తగ్గుతుంది?
• ఒక కాలికా, రెండు కాళ్లకా? వాపు, ఎరుపు, వేడి ఉన్నాయా?
• ఏ పని చేయలేకపోతున్నారు?

వచ్చేటప్పుడు పాత చీటీలు, ఎక్స్‌రేలు, వాడుతున్న అన్ని బిళ్లల అట్టలు ఒక సంచిలో వేసుకుని రండి. రోజూ తొడుక్కునే చెప్పులతోనే రండి. ఆసుపత్రికి కదా అని కొత్త చెప్పులు వేసుకొస్తే మాకు ఉపయోగం లేదు. చెప్పు ఏ వైపు అరిగిందో చూస్తే పాదం ఎలా ఆనుతుందో తెలుస్తుంది.

ఇంకో చిన్న మనవి. డాక్టరుగారు అడిగినప్పుడు రోగినే చెప్పనివ్వండి. కొడుకులు, కోడళ్లు, భర్తలు తొందరపడి జవాబు చెప్పేస్తారు. "అంత ఏమీ లేదండీ, కాస్త ఎక్కువ చెప్తుంది" అని పక్క నుంచి అనే మాటను నేను చాలాసార్లు విన్నాను. ఆ మాటతో ఆమె నోరు మూతపడుతుంది, అసలు విషయం లోపలే ఉండిపోతుంది.

లేచి వచ్చే ముందు మర్యాదగా ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ నొప్పికి పేరేమిటండీ? ఏది చూసి అలా అనుకుంటున్నారు? ఎన్ని వారాల్లో తగ్గాలి? తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు. చెప్పిన గడువులోపు తగ్గకపోతే అదే నోటు పుస్తకంతో మళ్లీ రండి. రోగ నిర్ధారణ ఒక్కోసారి మొదటి రాకలోనే తేలదు. నెలకొక ఆసుపత్రి మారి ప్రతిచోటా మొదటి నుంచి మొదలుపెట్టడం కంటే ఒకేచోట గడువు ప్రకారం చూపించుకోవడం మేలు. అప్పటికీ తేలకపోతే ఎముకల డాక్టరుకో, నరాల డాక్టరుకో పంపమని అడగడం మీ హక్కు.

పరీక్షల సంగతి

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. నరం, పట్టీ కనిపించవు. గౌట్ నొప్పి వచ్చిన రోజుల్లో రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉండవచ్చు. యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువ ఉన్న ప్రతి ఒక్కరికీ గౌట్ ఉండదు. అందుకే కాగితం మీది అంకె కంటే ముందు పాదాన్ని చూడాలి, నొక్కాలి, నాడి చూడాలి. పాదం మీద, చీలమండ లోపలి వైపు నాడి కొట్టుకుంటుంది. అది అందకపోతే డాప్లర్ పరీక్ష అవసరం కావచ్చు. పాదాల నొప్పితో వచ్చిన పెద్దవారికి షుగరు పరీక్ష తప్పకుండా చేయించండి. తమకు షుగరు ఉందని పాదాల మంటలతోనే మొదటిసారి తెలుసుకున్నవారు మా ఓపీలో ఉన్నారు.

నొప్పి బిళ్లలు, సూది మందులు

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు కొద్ది రోజులకు పనికొస్తాయి. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, బి.పి. పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. షుగరు, బి.పి. ఉన్నవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక్క సూదితో మూడు రోజుల్లో నొప్పులన్నీ మాయమైతే సంతోషించకండి. అందులో స్టెరాయిడ్ ఉందేమో అడగండి. స్టెరాయిడ్లు షుగరును పెంచుతాయి, ఎముకలను బలహీనం చేస్తాయి. మడమలో స్టెరాయిడ్ సూదిని అవసరమైతే డాక్టరుగారే ఆలోచించి వేస్తారు. మాటిమాటికీ వేయించుకుంటే మడమ కింది మెత్తని కొవ్వు కరిగిపోవచ్చు, పట్టీ తెగిపోవచ్చు. చాలాకాలంగా స్టెరాయిడ్ బిళ్లలు వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా మానకూడదు. డాక్టరుగారు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మడమ నొప్పికి ఇంట్లో చేయదగినవి

ప్లాంటార్ ఫేసియైటిస్ అని తేలినవారు ఇవి చేయాలి.

• మంచం దిగకముందే కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగి పట్టుకుని 10 అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు.
• గోడకు రెండు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలిని వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ లేపకుండా ముందుకు వంగండి. పిక్క సాగినట్టు తెలియాలి. 30 అంకెలు లెక్కపెట్టండి.
• నీళ్లు గడ్డకట్టిన ప్లాస్టిక్ సీసాను గుడ్డలో చుట్టి అరికాలి కింద 10 నిమిషాలు దొర్లించండి.
• మడమ దగ్గర మెత్తగా, మధ్యలో వంపుకు ఆనుకునేలా ఉండే చెప్పులు వాడండి. పలచబడిన హవాయి చెప్పులు మానండి. ఇంట్లో తిరగడానికి వేరే జత పెట్టుకోండి. వంటింట్లో వట్టి కాళ్లతో నిలబడవద్దు.

ఇవి చేసిన మర్నాడే గుణం కనిపించదు. కొన్ని నెలలు పట్టవచ్చు. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. ఆ అక్కకు నాలుగో నెలలో పొద్దుటి పోటు తగ్గింది. ఆమె ఇంకా అదే బడిలో వండుతోంది. కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం ఇప్పుడు ఎత్తు పీట మీద కూర్చుని చేస్తోంది.

నొప్పి తెలియని పాదం

ఆ రోజు అక్కను తీసుకొచ్చింది ఆమె భర్త. ఆయనకు తొమ్మిదేళ్లుగా షుగరు. "నాకేం నొప్పులు లేవమ్మా, నా కాళ్లు ఇనుము" అని నవ్వారు. వచ్చారు కదా అని ఆయన చెప్పులూ విప్పించాను. ఎడమ చెప్పు అట్టలోంచి తుమ్మముల్లు పైకి పొడుచుకుని ఉంది. దాని మొన అరికాలిలో విరిగి, చుట్టూ చీము పట్టింది. ఎన్ని రోజులైందో ఆయనకు తెలియదు. ఎక్స్‌రేలోని ముల్లుకు భార్య ఏడాదిగా భయపడుతోంది. కాలిలో దిగిన ముల్లు భర్తకు తెలియనే లేదు.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల మధ్య ఈ సత్యాన్నే చూశారు. వారి వేళ్లు ఊరికే రాలిపోవడం లేదు. నొప్పి తెలియనందువల్ల తగిలిన దెబ్బలు, కాలిన గాయాలు వాటిని పాడుచేస్తున్నాయి. నొప్పి మనకు కావలి కాసేదని, దేవుడిచ్చిన కానుక అని ఆయన జీవితమంతా చెప్పారు. షుగరు వల్ల స్పర్శ పోయిన పాదాల విషయంలోనూ ఇదే నిజం.

ఇంట్లో చేయదగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. షుగరు ఉన్నవారిని కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొనలను మీ చూపుడువేలి కొనతో ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకండి. నొక్కవద్దు, గీకవద్దు. మొత్తం ఆరు తాకిళ్లలో రెండుగానీ అంతకంటే ఎక్కువగానీ తెలియకపోతే స్పర్శ తగ్గిందని అనుమానించి ఆసుపత్రికి తీసుకురండి. ఇక్కడ 10 గ్రాముల నైలాన్ దారంతో సరిగ్గా పరీక్షిస్తారు.

స్పర్శ తగ్గినవారికి ఇటుక వేడి చేసి, జిల్లేడు ఆకులు వేసి పెట్టే కాపడం, ఉప్పు మూట, వేడినీళ్ల సంచి, మంచు సీసా ఏదీ పనికిరాదు. చర్మం కాలినా వారికి తెలియదు. ఆనెలను బ్లేడుతో కోయవద్దు.

వీటికి ఆలస్యం వద్దు, ఆ రోజే రండి

• షుగరు ఉన్నవారికి పాదంలో ఏ పుండైనా, చీమైనా, నల్లబడిన వేలైనా.
• షుగరు ఉన్నవారి పాదం నొప్పి పెద్దగా లేకుండానే వేడిగా, ఎర్రగా వాచినప్పుడు. బెణుకు అనుకోవద్దు. లోపలి ఎముకలు విరుగుతుండవచ్చు. ఆ కాలి మీద నడిపించకండి.
• పాదం ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయినా, నీలంగా మారినా.
• జ్వరంతో పాటు పాదం ఎరుపు, వాపు.
• పడిన తర్వాత కాలు మోపలేకపోతే.
• ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే.
• నడుము నొప్పితో పాటు పాదం పైకి ఎత్తలేకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా.

ఇంట్లోవారు చేయవలసింది

చాలాకాలం నొప్పి పడేవారికి చిరాకు వస్తుంది, నిద్ర పట్టదు. గుడికి, పెళ్లికి, ఆదివారం ఆరాధనకు వెళ్లడం మానేస్తారు. నలుగురిలో మెల్లగా నడవడం వారికి సిగ్గు. మొదటి సహాయం వారి నొప్పిని నమ్మడం. రెండోది పని పంచుకోవడం. నీళ్లు మోయడం, బట్టలు ఉతకడం కొన్నాళ్లు ఇంకొకరు చేస్తే మందు కంటే ఎక్కువ గుణం ఇస్తుంది. వ్యాయామం వేళ గుర్తు చేయడం మూడోది.

"ప్రార్థిస్తే చాలదా సిస్టర్?" అని కొందరు అడుగుతారు. ప్రార్థించండి, మేమూ ప్రార్థిస్తాం. లూకా వైద్యుడేనని మరచిపోవద్దు. ప్రార్థించిన చేతులతోనే బిళ్లలు వేళకు ఇవ్వండి, కట్టు మార్పించండి.

మన ప్రభువు చివరి రాత్రి పళ్లెంలో నీళ్లు పోసి, నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. ఈ రాత్రి మీ ఇంట్లో నొప్పి పడేవారికి, షుగరు ఉన్నవారికి మీరు ఆ పని చేయండి. నీళ్ల వేడిని మోచేతితో చూసుకోండి. ఎక్కువసేపు నాననివ్వకుండా కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి. అరికాలు, మడమ, గోళ్లు దీపం వెలుతురులో చూడండి. చెప్పు లోపల చెయ్యి పెట్టి తడమండి. ఆ పెద్దాయన పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది, కాలు దక్కింది. ఇప్పుడు రోజూ రాత్రి భార్య పాదానికి ఆయన వ్యాయామం చేయిస్తారు, ఆయన అరికాళ్లు ఆమె చూస్తుంది.

దేవుడు మీ ఇంటివారందరి అడుగులను కాపాడును గాక.